గ్రీన్ టీ పెట్టెకు నా కాపలా

ఆ గ్రీన్ టీ పెట్టె మా గదిలోకి వచ్చిన రోజే నాకు నచ్చలేదు. ముదురాకుపచ్చ అట్టపెట్టె, పైన అరబ్బీ అక్షరాలు, వాటి కింద పొగలు కక్కుతున్న కప్పు బొమ్మ. చూడటానికి బాగానే ఉంది. నచ్చనిది అది ఊరికే రావడం. అప్పటికి పదిహేనేళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నదాన్ని. ఇక్కడ ఊరికే ఇచ్చేవాళ్ళను చూశాను. ఊరికే ఇచ్చినట్టు ఇచ్చి తర్వాత మూడింతలు చాకిరీ చేయించుకునేవాళ్ళను అంతకంటే ఎక్కువమందిని చూశాను.

"ఎవరిచ్చేరక్కా?" అని అడిగాను.

"మేడమ్ ఇచ్చిందే. కీమో పెట్టించుకునేవాళ్ళకి మంచిదంట."

"మంచిదని ఆవిడకెవరు చెప్పేరంట?"

"ఆవిడ చెల్లెలికీ ఇదే జబ్బు వచ్చిందంట. ఆ అమ్మాయి రోజూ తాగేదంట."

"బతికిందా?"

అక్క చెప్పులు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. "అడగలేదే," అంది.

"అడగాల్సిందే అది. ముందు ఆవిణ్ణే తాగమను, తర్వాత నువ్వు తాగుదువుగాని," అన్నాను.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఆవిడది రాజోలు వైపు, నాది అమలాపురం దగ్గర. కరామాలో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో నలుగురు ఆడవాళ్ళం ఒక గది పంచుకునేవాళ్ళం. మిగతా ఇద్దరూ నేపాలీ అమ్మాయిలు, పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. కింది మంచం అక్కది, పై మంచం నాది. నేను పక్క వీధిలో ఉన్న ఆంధ్రా భోజనం హోటల్లో వంట చేసేదాన్ని. అక్క పన్నెండేళ్ళు ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని పెంచింది. కరోనా ఏడాది ఆ ఇంటివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతే ఒక క్లీనింగ్ కంపెనీలో చేరింది. అల్ కుసైస్‌లో ఆ కంపెనీ ఆఫీసు. వాళ్ళు ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి వెళ్ళి పని చేసి రావాలి. టీ పెట్టె ఇచ్చిన మేడమ్ అలా దొరికిన ఇల్లాలే.

మా ఇద్దరికీ ఒక తేడా ఉంది. అక్కకు అరబ్బీ గలగలా వచ్చు, హిందీ మాత్రం బస్సు టిక్కెట్టుకు సరిపోయేంతే. నాకు హిందీ బాగా వచ్చు, అరబ్బీలో యల్లా, ఖలాస్, మాఫీ లాంటి నాలుగు మాటలు దాటితే నోరు పెగలదు. ఈ తేడా మా కొంప ముంచింది, అందుకే ముందే చెబుతున్నాను.

2022 మొదట్లో అక్క రొమ్ములో గడ్డ కనబడింది. కనబడిన రెండు నెలలకుగాని నాకు చెప్పలేదు. చెప్పినరోజు నేను ఆవిణ్ణి తిట్టిన తిట్లు నేపాలీ అమ్మాయిలకు భాష రాకపోయినా అర్థమయ్యాయి. డాక్టర్లు ఆరు విడతల కీమో అన్నారు, మూడు వారాలకొకసారి, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్. ఇన్సూరెన్స్ కార్డు ఉంది కాబట్టి వైద్యం ఇక్కడే జరుగుతుంది. ఆ కార్డు వీసాకు ముడి, వీసా కంపెనీ చేతిలో. కంపెనీ సూపర్‌వైజర్ మంచి మాటే చెప్పాడు. వైద్యం నడుస్తున్నంతకాలం వీసా కదపం, తేలిక పని ఇస్తాం అన్నాడు. తోక కూడా తగిలించాడు, మధ్యలో ఆగిపోతే మాత్రం ఇంటికి టికెట్టే అని. ఇంటికంటే ఎక్కడికి? అక్కకు ఊళ్ళో తమ్ముడి ఇంటి వరండా తప్ప ఇల్లు లేదు. సగం వైద్యంతో ఆ వరండాలో పడుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

అందుకే కాపలా నేను పెట్టుకున్నాను. నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. కూరగాయలవాడు తూకం వేస్తుంటే నా కళ్ళు ముల్లు మీదే ఉంటాయి. అక్క నోట్లోకి ఏం వెళ్ళినా నా కళ్ళముందు వెళ్ళాలని పట్టుబట్టాను. బయటి తిండి వద్దు. కోసి పెట్టిన పళ్ళు వద్దు. మేడమ్ ఇంట్లో మంచినీళ్ళు కూడా సీసావే తాగమన్నాను. పొద్దున్నే హోటలుకు వెళ్ళేముందు నా చేత్తో కషాయం కాచి ఫ్లాస్కులో పోసి, ఇడ్లీ డబ్బా పక్కన పెట్టి వెళ్ళేదాన్ని. హాస్పిటల్‌కి వెళ్ళే రోజు సెలవు పెట్టి వెంట వెళ్ళేదాన్ని. డాక్టరమ్మ హిందీ మనిషి. ఆవిడ చెప్పేది నేను తెలుగులో అక్కకు చెప్పాలి, అక్క చెప్పేది హిందీలో ఆవిడకు చెప్పాలి. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు గర్వంగా ఉండేది.

మొదటి రోజే డాక్టరమ్మ అడిగింది. ఇంట్లో దేశీ మందులు, ఆకులు, వేళ్ళు, పొడులు ఏమైనా వాడుతున్నారా అని. అక్క వైపు తిరగను కూడా తిరగకుండా నేనే చెప్పేశాను, "నహీ మేడమ్, కుచ్ నహీ." డాక్టరమ్మ రాసుకుంది.

రెండో విడత అయ్యేసరికి అక్క జుట్టు దిండు మీదే ఉండిపోయింది. నోరంతా పొక్కింది. ఏం తిన్నా ఇనప ముక్క నమిలినట్టుందనేది. నేను నెయ్యి వేసి కలిపిన ముద్దపప్పు అన్నం కూడా రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. అప్పుడొచ్చింది ఈ గ్రీన్ టీ పెట్టె.

ఫోనులో చూశాను. మా ఊరి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ గ్రీన్ టీ తాగితే కాన్సర్ కణాలు మాడిపోతాయని పెట్టింది. ఇంకొకావిడ గ్రీన్ టీ తాగితే కీమో మందు పనిచేయదని పెట్టింది. రెండింటి కిందా ఒకే మనిషి దండాలు పెట్టింది. కింద మందుల షాపులో మలయాళీ కుర్రాణ్ణి అడిగితే, "మీ డాక్టర్‌ని అడగండి చేచీ," అన్నాడు, వాళ్ళ భాషలో అక్కా అని. తెలిసి కూడా దాస్తున్నాడనుకున్నాను. డాక్టరమ్మనే అడగొచ్చు కదా అని మీరనొచ్చు. అడగలేదు. అడిగితే తాగమంటుందేమోనని నాకు భయం. నా మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఇది ముట్టుకోవద్దు," అని పెట్టె తీసి గూట్లో పై అరలో పెట్టాను. పెట్టేముందు పొట్లాలు లెక్కపెట్టాను. ఇరవై అయిదు.

వారం తిరిగాక లెక్కపెడితే పంతొమ్మిది.

ఒళ్ళు మండిపోయింది. అడిగితే నేపాలీ అమ్మాయిలు తాగారేమో అంది. వాళ్ళు పాలల్లో పంచదార వేసుకుని అందులో టీ పోసుకునే రకం, ఈ పసరు నీళ్ళు వాళ్ళెందుకు తాగుతారు? ఆవిడ కప్పు తీసి వాసన చూశాను. కడిగేసింది, సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. చెత్తబుట్ట కెలికాను. అడుగున టిష్యూ కాగితంలో చుట్టి, పిండేసిన టీ పొట్లం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకున్నాను.

"ఏంటక్కా ఇది?" అని చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని మళ్ళీ టిష్యూలో చుట్టింది. "అదొక్కటే నోటికి పడతందే. కడుపులో తిప్పు ఆగతంది," అంది.

"నీకు కాచి పోసేదాన్ని నేను లేనూ? నా కషాయం తాగితే తిప్పు ఆగదా?"

"నీదీ తాగుతున్నాను కదేంటే," అంది మెల్లగా.

ఆ మాటకు నాకు తృప్తిగానే అనిపించింది. పెట్టె తీసుకెళ్ళి నా ట్రంకులో పెట్టి తాళం వేశాను. ముక్కూమొహం తెలియని మేడమ్ మాట విని, కడుపులో పెట్టుకుని చూస్తున్న నాకు దొంగతనంగా తాగుతుందా అని ఆ రోజంతా ఏడుపొచ్చింది. హోటల్లో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసి యజమాని చేత చీవాట్లు తిన్నాను.

ఈ కషాయం సంగతి చెప్పాలి. తిప్పతీగ ఎండబెట్టి కొట్టిన పొడి, అందులో శొంఠి, మిరియాలు. మా వదిన చేసి పంపుతుంది. ఊరినుంచి ఎవరు దుబాయ్ వస్తుంటే వాళ్ళ పెట్టెలో, ఆవకాయ సీసాకూ వడియాల సంచికీ మధ్య ఈ పొడి పొట్లం ఉండాల్సిందే. కరోనా ఏడాది కరామా అంతా దగ్గుతుంటే మా గదిలో ఒక్కళ్ళకు కూడా తుమ్ము రాలేదు. నలుగురం పొద్దున్నే ముక్కు మూసుకుని అదే తాగేవాళ్ళం. దానివల్లే బతికామని నాకు గట్టి నమ్మకం. గొడవ సద్దుమణిగాక మానేశాం. అక్కకు జబ్బని తెలియగానే వదినకు ఫోన్ చేసి మళ్ళీ తెప్పించాను. ఈసారి రోగికి కదా అని పొడి రెట్టింపు వేసి, నల్లగా మరిగేదాకా కాచేదాన్ని. నేను మాత్రం చుక్క ముట్టలేదు. నాకేం రోగమని?

నాలుగో విడత రోజు పొద్దున్నే రక్తం ఇచ్చి కూర్చున్నాం. మా డాక్టరమ్మ సెలవులో ఉంది. ఆవిడ బదులు సూడాన్ నుంచి వచ్చిన పొడుగాటి డాక్టరు, ఆవిడకు హిందీ ముక్క రాదు. అక్క ముఖం వెలిగింది, నేరుగా అరబ్బీలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంతకాలం మధ్యలో కూర్చుని రెండు వైపులా చెప్పినదాన్ని, ఆ రోజు గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాను. డాక్టరు కంప్యూటర్ చూసి ఏదో అంది. అక్క ముఖంలో వెలుగు పోయింది.

"ఏమందక్కా?"

"ఈవేళ మందు ఎక్కించరంట. లివర్ రిపోర్టు బాగా పెరిగిపోయిందంట."

డాక్టరు ఇంకా ఏవేవో అడుగుతోంది, అక్క జవాబు చెబుతోంది. ఒక ప్రశ్నకు మాత్రం అక్క ఆగింది. నావైపు ఒక్క క్షణం చూసింది. చూసి, "లా, లా. మాఫీ," అంది.

మాఫీ అంటే లేదని. అది నాకు తెలుసు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చూపేంటి? టీ ఏమైనా తాగావా అని అడిగి ఉంటుంది, ఈవిడ లేదని బొంకింది అనుకున్నాను. ప్రాణం మీదికొచ్చినా, నేను తాళం వేయకముందు తాగిన ఆ టీని దాస్తుందా? ఆగలేకపోయాను. "డాక్టర్, షాయ్! గ్రీన్ టీ! డైలీ!" అని వేలెత్తి అక్కను చూపించాను.

అక్క తల వంచుకుంది. డాక్టరు ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి, నర్సును పిలిచి హిందీలో నాకు చెప్పించింది. రెండు వారాలు ఆగుదాం, మధ్యలో ఒకసారి రక్తం చూద్దాం. వచ్చేటప్పుడు ఇంట్లో ఈమె నోట్లోకి వెళ్ళేవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి, అన్నీ అంటే అన్నీ.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనే మాట్లాడాను. చెప్పానా, ఊరక రారు మహానుభావులు, ఊరక రావు టీ పెట్టెలు, అన్నాను. సంతోషంగా అన్నాను, ఆ పాపం నాదే. ఆవిడ లివర్ పాడైందన్న రోజున నాకు నా మాట నెగ్గిందన్న ఆనందం కలిగింది.

సరే, ఇక లివర్ బాగుచేయాలి కదా. వదినకు ఫోన్ చేశాను. లివర్‌కి తిప్పతీగను మించింది లేదు, రెండు పూటలా ఇవ్వు అంది. ఇచ్చాను. పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం హోటలుకు వెళ్ళేముందు ఇంకో గ్లాసు. అక్క గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని గుటుక్కున మింగేది. మింగాక నావైపు చూసి తలూపేది. నేను గ్లాసు అడుగు కూడా చూసేదాన్ని, చుక్క మిగిలిందేమోనని.

వారం తర్వాత రక్తం ఇచ్చాం. అంకెలు ఇంకా పెరిగాయని ఫోనుకు మెసేజ్ వచ్చింది.

టీ నా ట్రంకులో ఉంది. తాళంచెవి నా మెడలో గొలుసుకు ఉంది. మరి ఎలా పెరిగింది? మేడమ్ ఇంట్లో తాగుతోంది, ఇంకెలా! ఆ రాత్రి కాదు, ఆ నిమిషమే అడిగేశాను.

"అక్కడ తాగుతున్నావు కదూ?"

"లేదే."

"నాకు చెప్పు, తిట్టను."

"ప్రభువు తోడు, తాగట్లేదే."

"ప్రభువును తేకు మధ్యలోకి. అంకెలు అబద్ధం చెబుతాయా?"

అక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చర్చికి వెళ్ళేటప్పుడు కట్టుకునే తెల్ల చీర మడతపెట్టి తలకింద పెట్టుకుంది, దిండు గట్టిగా ఉండి నెత్తి నొప్పెడుతోందట. ఆవిడ ఒట్టు వేసినా నేను నమ్మలేదు. ఆ వీపు చూసి కూడా నమ్మలేదు. ఆ మర్నాడే కంపెనీ సూపర్‌వైజర్ నాకు ఫోన్ చేశాడు. "క్యా హువా? ఇలాజ్ బంద్ హో గయా క్యా?" అని. వైద్యం ఆగిందా అని. లేదు సార్, వాయిదా పడిందంతే అన్నాను. ఎన్నాళ్ళు వాయిదా అన్నాడు. ఏం చెప్పాలో తెలియక సిగ్నల్ లేనట్టు హలో హలో అని పెట్టేశాను. రెండో వాయిదా పడితే టికెట్ తీసేస్తారు. తీస్తే ఆ వరండాయే.

సంచి రోజు వచ్చింది. గది మొత్తం గాలించి అన్నీ వేశాను. వాంతులు ఆగే మాత్రలు, జ్వరం బిళ్ళలు, నోటి పూతకు పూసే మందు, విటమిన్ సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఆఖరికి ఆవిడ చప్పరించే పుదీనా బిళ్ళలు. అన్నిటికంటే పైన ట్రంకు తెరిచి తీసిన టీ పెట్టె, దొంగను పోలీసుకు అప్పజెప్పినట్టు. ఎప్పటిలాగే ఫ్లాస్కు భుజాన తగిలించుకున్నాను. అక్క ఆ ఫ్లాస్కును ఒకసారి చూసింది. చూసి చెప్పులు వేసుకుంది.

మా హిందీ డాక్టరమ్మ తిరిగి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. సంచి బల్లమీద గుమ్మరించి, దీన్ని తాళంలో పెట్టి మాన్పించానని చెప్పి టీ పెట్టె ముందుకు తోశాను. ఆవిడ దాన్ని తిప్పి వెనక రాసింది చదివింది. ఒక పొట్లం చింపి ఆకు అరచేతిలో పోసుకుని చూసింది.

"ఇది మామూలు టీ ఆకు," అంది. "ఈమెకు నేనిస్తున్న మందులతో రోజుకు ఒకటి రెండు కప్పులు తాగితే నాకు ఇబ్బంది లేదు. మాత్రలు వేసుకునే వేళకు కాస్త ఎడం ఉంచండి. మరీ వేడిగా వద్దు, నోరు పొక్కి ఉంది కదా."

"మేడమ్, లివర్..."

"గ్రీన్ టీ మాత్రలు, బరువు తగ్గే పొడులు అని అమ్ముతారు. వాటిలో సారం చిక్కగా తీసి పెడతారు. అవి లివర్‌కి చేటు, అవి అసలు వద్దు. కొన్ని రకాల కాన్సర్ మందులకు మామూలు టీ కూడా పడదు. అందుకే ఎవరి సంగతి వాళ్ళ డాక్టర్‌నే అడగాలి. ఈమెకు ఇది మాత్రం కారణం అనుకోను. తాళంలో పెట్టి మాన్పించానన్నారు, అయినా పెరిగింది కదా."

"పక్కా నా మేడమ్?" అని మూడుసార్లు అడిగాను. మూడోసారి ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడకు కూడా తెలియదేమో, కొత్త టీ కదా అని లోపల ఇంకా గింజుకుంటున్నాను.

"ఇంకేమిస్తున్నారు?" అంది.

"ఇంకేమీ లేదు," అన్నాను. అని, గోడ గడియారం చూశాను. పది. అక్క కషాయం వేళ. డాక్టరమ్మ మాత్రల సీసాలు ఒక్కొక్కటే చదువుతోంది కదా, ఈలోపు పోసేద్దామని ఫ్లాస్కు మూత తిప్పి అందులోకి వంపాను. గదంతా ఆ చేదు వాసన.

మలయాళీ నర్సు తలెత్తింది. "అదేంటి చేచీ?"

"కషాయం. ఇంట్లోది," అన్నాను, తాగుతావా అన్నట్టు.

డాక్టరమ్మ చేతిలో సీసా బల్లమీద పెట్టింది. "దేంతో చేశారు?"

చెప్పాను. తిప్పతీగకు హిందీలో గిలోయ్ అంటారని నర్సే అందించింది. ఎప్పటినుంచి అంటే కీమోకు ముందు వారం నుంచి అన్నాను. రోజుకెంత అంటే ముందు ఒక గ్లాసు, ఈ రెండు వారాలూ రెండు అన్నాను. ఆ మాట బయటికి వస్తుండగానే నా చెవులకు వినబడింది. టీ ఆగింది, కషాయం రెట్టింపైంది, అంకెలు పెరిగాయి.

"నేను మొదటి రోజే అడిగాను," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు.

"అది మందు కాదనుకున్నాను మేడమ్. ఇంట్లో మిరియాల చారు లాంటిదే కదా అని..."

"దీనివల్లే అని ఇప్పుడే నేను రాసివ్వలేను. కీమో కూడా లివర్‌ని శ్రమపెడుతుంది. కానీ ఈ తీగతో లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. ఈ నిమిషం నుంచి ఆపండి. ఆపాక చూద్దాం. కంపెనీకి నేను ఉత్తరం రాస్తాను, వైద్యం ఆగలేదు, నడుస్తోంది అని."

నేను ఫ్లాస్కు మూతలో పోసినదాన్ని ఎక్కడ పారబోయాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను. నర్సు వచ్చి తీసుకుంది. అక్క నన్ను చూడటం లేదు, ఒళ్ళో పెట్టుకున్న టీ పెట్టె మూతను సరిచేస్తోంది.

బస్టాపులో ఏసీ గది ఖాళీగా ఉంది. కూర్చున్నాం. బయట ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. నేనే అన్నాను.

"అక్కా, నీకిదంతా అర్థమైందా?"

"అయ్యింది. ఆ సూడాన్ డాక్టరమ్మ అడిగినప్పుడే అయ్యింది."

"ఏమడిగింది?"

"ఆకులూ, వేళ్ళూ కాచి తాగుతున్నావా, అలాంటివి లివర్ని పాడు చేస్తాయి అని."

నాకు ఆ రోజు ఆవిడ నావైపు చూసిన చూపు గుర్తొచ్చింది. "మాఫీ అన్నావు కదక్కా. ఎందుకన్నావు?"

"ఏమంటానే? పక్కనే నువ్వున్నావు."

"అరబ్బీలో చెబితే నాకేం తెలుస్తుంది?"

"మందు ఎందుకాపేరో తర్వాతైనా తెలీదా నీకు? తెలిస్తే నువ్వింకెప్పుడూ నాకేదీ కాయవు." ఆవిడ చేతిలో టీ పెట్టె అటూ ఇటూ తిప్పింది. "పొద్దున్నే లేచి నాకోసం పొయ్యి ముట్టించేవాళ్ళు ఎవరున్నారే నాకు? ఇంత వయసొచ్చేక నువ్వొక్కదానివి ముట్టించేవు. అది విషమని నీ మొహాన ఎలా చెప్పను?"

"చచ్చిపోయేదానివి కదే," అన్నాను. ఆవిణ్ణి 'ఏవే' అని పిలవడం అదే మొదలు, అదే ఆఖరు.

"మరే," అంది. "అనుకున్నాను."

నేను ఏడ్చాను. పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, బస్సు వచ్చేదాకా తీయలేదు. టీ గురించి ఆవిణ్ణి దొంగను చేశాను, ప్రభువు మీద ఒట్టు వేస్తే నమ్మలేదు, వేలెత్తి చూపించాను. ఆ వేలు ఎటు తిరగాలో అటు తిరగలేదు. ఆ రోజు తర్వాత నేను ఎవరినీ అనుమానించడం మానేశానని చెబితే అబద్ధం. కూరగాయలవాడి ముల్లు ఇప్పటికీ చూస్తాను. ఇంటినుంచి వచ్చిన పొట్లాలను కూడా చూడటం మొదలుపెట్టాను, అంతే తేడా.

వదిన పొడి చెత్తలో పోశాను. ఆవిడకు ఫోన్ చేసి చెబితే మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

మూడు వారాలకు అంకెలు దిగాయి. పూర్తిగా కాదు, డాక్టరమ్మ తలూపేంత. నాలుగో విడత ఎక్కించారు, కంపెనీ వీసా జోలికి రాలేదు. ఆ సాయంత్రం గదికి వచ్చాక అక్క కళ్ళు మూసుకుని పడుకుంది, కడుపులో తిప్పు. నేను నీళ్ళు కాచి, కాస్త చల్లారనిచ్చి, ఒక పొట్లం వేసి, నర్సు చెప్పినంతసేపే ఉంచి తీసేశాను. మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉందో లేదో గడియారం రెండుసార్లు చూశాను. కప్పు తీసుకెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"లే అక్కా. గ్రీన్ టీ."

అక్క లేచి కూర్చుంది. కప్పు అందుకుంది. నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, నా ముఖంలోకి చూసింది. మూడు నెలలు నేను కాచిందేదీ వద్దనకుండా మింగిన మనిషి. గ్లాసు అడుగు కూడా నేను చూసేదాన్ని.

"నువ్వు ముందు తాగవే," అంది.

పెదాల మీద నవ్వుంది. కళ్ళల్లో లేదు. కప్పు తీసుకుని తాగాను.